ఐదు కలపడం మరిచిన ఉదయం

తెల్లవారగానే డాబా మీద దండేనికి కట్టిన తీగను నా చిన్న రేడియోకు తగిలించి, షార్ట్‌వేవ్‌లో పది మెగాహెర్ట్జ్ దగ్గర ఆపుతాను. అది సరైన సమయం చెప్పడానికే ఉన్న స్టేషను. పాటలుండవు, వార్తలుండవు. సెకనుకొక టిక్కు. నిమిషం మారేచోట కాస్త పొడవైన కూత. అరగంటకోసారి చైనా భాషలో ఒక ఆడగొంతు ఏదో ప్రకటిస్తుంది. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ముప్ఫై నాలుగేళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని, అంత తప్పులేని పని వింటుంటే లేచి నిలబడాలనిపిస్తుంది.

"ఫోన్లో చూసుకోవచ్చు కదండీ పిన్నిగారూ!" అంటుంది పక్క డాబా మీద మిరపకాయలు ఎండబోసే అమ్మాయి.

ఫోనులో ఉన్నదీ సరైన సమయమే. కానీ సెకను పుట్టడం చెవితో వినాలని నా ఆశ. ఆ స్టేషను ఇక్కడికి మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు. కాంతి వేగంతో భాగించి చూశాను. టిక్కు మా వినుకొండ చేరేసరికి సెకనులో నూరో వంతు ఆలస్యమవుతుంది. అంతే! మా ఊరి బస్సుకు అరగంట ఆలస్యం లెక్కలోకే రాదు.

మా ఆయన పురోహితులు. ఆయన చేతి గడియారాన్ని రేడియోతో సరిచూసి, ఐదు నిమిషాలు కలిపి పెట్టడం నా పని. పెళ్లివారికి గడియారం చూపించి తొందరపెడతారు, మనసులో మాత్రం ఐదు తీసేసుకుంటారు. ఆ ఐదు నిమిషాల సంగతి మా ఇద్దరికే తెలుసు.

మొన్న వైశాఖంలో ఊళ్లోనే ఒక పెళ్లి కుదిరింది. ముహూర్తం ఉదయం పదీ నలభై రెండుకు. గడియారం రిపేరు నుంచి ముందురోజే వచ్చింది. వారం రోజులుగా గరగరలు తప్ప ఏమీ పలకని రేడియో ఆ ఉదయం గాజు మీద గోటితో కొట్టినంత స్పష్టంగా పలికింది. ఆ మురిపెంలో పొడవు కూతకు సరిగ్గా ముల్లు కలిపి, గడియారం ఆయన చేతికిచ్చేశాను.

ఫంక్షన్ హాల్లో ముందు వరసలో కూర్చున్నాను. వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకున్నారు. జీలకర్ర బెల్లం తమలపాకులో సిద్ధంగా ఉంది. నా గడియారంలో పదీ నలభై ఒకటి. మా ఆయన తాపీగా మంత్రాలు చదువుతున్నారు.

"పంతులుగారూ, టైమైపోతోందండీ!" అన్నాడు పెళ్లికూతురి మేనమామ, ఫోను ఎత్తి చూపిస్తూ.

"ఆ ఫోను జేబులో పెట్టవయ్యా. ముహూర్తం నా గడియారం చూసుకుంటుంది."

ఆయన ఐదు తీసేస్తున్నారని అప్పుడు తట్టింది. నేను కలపని ఐదు! నోరు మూసుకుంటే ఆ పిల్లల ముహూర్తం దాటిపోతుంది. తెరిస్తే నలభై ఏళ్ల గుట్టు పోతుంది. మేళం హోరులో చెవిలో చెప్పే వీల్లేదు. వేదిక మెట్లెక్కి, "ఏమండీ!" అని అరిచాను. నేనేం చెబుతున్నానో వినడానికి ఆయన చెయ్యెత్తి మేళం ఆపించారు. నా గొంతు మాత్రం ఆగలేదు.

"ఇవాళ ఐదు నిమిషాలు కలపలేదండీ! అది అసలు టైమే!"

హాలంతా వింది. ఆయన ఒక్కసారి గడియారం చూశారు.

"గట్టిమేళం!" అన్నారు. జీలకర్ర బెల్లం ఇద్దరి తలల మీదా పడింది.

భోజనాల దగ్గర మేనమామ వదల్లేదు. "ఐదు కలపడం ఏంటండీ పంతులుగారూ? మా అక్క పెళ్లిలో కూడా మమ్మల్ని ఇట్టాగే పరిగెత్తించారా?"

"పరిగెత్తించబట్టే మీ బావ ముహూర్తానికి పీటల మీదున్నాడు. లేకపోతే టిఫిన్ల దగ్గరే ఉండేవాడు!"

పంక్తి అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఇంటికి ఆటోలో వస్తుంటే, "తప్పు నాదేనండీ" అన్నాను.

"అది సరేనే. ముహూర్తం నిమిషం దాటిందా?"

"లేదు. ఇంకా పదకొండు సెకన్లున్నాయి."

"నీ లెక్కేగా?"

"నా లెక్కే."

"అయితే దాటలేదు" అని కండువాతో మొహం తుడుచుకుని, ఆటో అబ్బాయిని నెమ్మదిగా పొమ్మన్నారు.