లెవార్డ్ మనుషులు

కొమురెల్లి పనిచేసే గదిలో మాట్లాడకూడదు. బొగ్గుబాయి నోటికి ఎగువన, రేకుల కప్పు కింద, ఉక్కు తాడును చుట్టుకునే పెద్ద ఇంజను ఒకటి ఉండేది. లోపలి నుంచి గంట మోగితే తాడు లాగాలి, మళ్లీ మోగితే ఆపాలి. టబ్బుల నిండా బొగ్గు ఏటవాలు దారిలో పైకి వచ్చేది. ఇంజను నడిపేవాడి చెవి గంట మీద తప్ప మరెక్కడా ఉండరాదని, అతణ్ణి ఎవరూ పలకరించవద్దని గోడకు బోర్డు కొట్టారు. చాయ్ తెచ్చే మనిషి కూడా గ్లాసు కిటికీలో పెట్టి, గొంతు సవరించుకుని వెళ్లిపోయేవాడు. అరవై రెండులో గోదావరిఖనిలో డ్యూటీకి ఎక్కినప్పటి నుంచి కొమురెల్లి బతుకులో సగం ఆ బోర్డు కిందే గడిచింది.

మిగతా సగంలోనూ మాటలు తక్కువే. కమాన్‌పూర్ దగ్గరి పల్లె అతనిది. భార్య సారక్క కంపెనీ క్వార్టర్‌కు వచ్చిన రెండో ఏడే జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. మారుమనువు చేసుకొమ్మని అన్నదమ్ములు కొన్నాళ్లు వెంటపడ్డారు. అతను అవుననలేదు, కాదనలేదు. తలకాయ ఊపి ఊరుకునేవాడు. చివరికి వాళ్లే విసిగి రావడం తగ్గించారు.

ఆ రోజుల్లో బాయి సర్వేయరు ఒక బెంగాలీ బాబు ఉండేవాడు. బదిలీ మీద పోతూ సామాన్లు అమ్ముకుంటుంటే, కొమురెల్లి మంచం కొందామని వెళ్లి వాచీతో తిరిగొచ్చాడు.

స్విట్జర్లాండ్ దేశపు లెవార్డ్ వాచీ అది. జాగీర్దార్లూ పెద్ద దొరలూ పెట్టుకున్న సరుకు. అయినా పైకి ఆ గొప్ప కనిపించదు. తెల్లటి ముఖం, సన్నని ముళ్లు రెండు, కింద చిన్న గుండ్రంలో సెకండ్ల ముల్లు. తారీఖు లేదు, తళుకు లేదు. అప్పడమంత పల్చన. కీ ఇస్తుంటే వేలికి మెత్తగా పట్టు తగిలేది. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, తలుపు గడియ వేసుకున్నాక, ఇంట్లో తను కాక ఇంకొకటి చప్పుడు చేస్తోందని కొమురెల్లికి మొదటిసారి తెలిసింది. ఆ పూట మంచం లేకుండా చాప మీదే పడుకున్నాడు. బాగా నిద్రపట్టింది.

తర్వాత అది పిచ్చిలా పట్టుకుంది. సెలవు దొరికినప్పుడల్లా హైదరాబాద్ పోయి జుమ్మేరాత్ బజారులో, నవాబుల పాత దేవిడీల నుంచి వచ్చిపడిన గాజు దీపాల మధ్య, తుప్పుపట్టిన కత్తుల మధ్య లెవార్డ్‌ల కోసం వెతికేవాడు. ఎక్కువసార్లు ఒట్టి చేతులతోనే వచ్చేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు. జీతం ఇంకెక్కడికి పోతుంది? ఒక్కటొక్కటిగా నాలుగైదు వాచీలు పెట్టెలో చేరాయి. కొమురెల్లి గడియారాలను లగ్గం చేసుకున్నాడని షిఫ్టులో నవ్వుకునేవాళ్లు.

ఆ పిచ్చి తనొక్కడిదే కాదని చౌరస్తాలో వాచీలు, రేడియోలు బాగుచేసే గులాం అలీ దుకాణంలో తెలిసింది. కొమురెల్లి పట్టీ మార్పించుకోవడానికి వాచీ తీసి ఇస్తే, గులాం అలీ దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపలికి వెళ్లి మఖ్మల్ గుడ్డ మూట తెచ్చి విప్పాడు. అందులో మూడు లెవార్డ్‌లున్నాయి.

"ఇవి అమ్మనియి కాదు. మా అబ్బాజాన్ చూపిచ్చిన షౌక్ ఇది. చూడనీకె ఈ ఊర్ల మనిషి దొరకలే ఇన్నొద్దులు," అన్నాడు.

ఆదివారం బాయికి సెలవు. మధ్యాహ్నం దుకాణం వెనుక గదిలో ఇద్దరూ కూర్చోవడం అలా మొదలైంది. గులాం అలీ భార్య షహజాదీ బేగం పరదా సందులోంచి చాయ్ పంపేది. రెండేళ్ల తర్వాత మూడో మనిషి వచ్చింది. కంపెనీ దవాఖానలో నర్సు, అనసూర్య. నలభై దాటిన ఒంటరి మనిషి. ఆమె తండ్రి ఒక జాగీర్దారు దగ్గర దివాను. జాగీర్లు రద్దయినప్పుడు చివరి జీతానికి బదులు ఆ దొర తన చేతి లెవార్డ్ తీసి ఇచ్చాడట. తండ్రి పోయాక దాన్ని ఆమె పెట్టుకుంటోంది. మగవాళ్ల వాచీ, ఆమె సన్నని చేతికి వదులుగా జారుతుండేది.

ముగ్గురి తీరూ మూడు రకాలు. గులాం అలీకి లోపలి చక్రాలు ముఖ్యం. మూత తీసి, భూతద్దం కంటికి పెట్టుకుంటే ఇక మనుషులు కనిపించరు. కొమురెల్లికి దాచుకోవడం ముఖ్యం. పెట్టెలో పత్తి పరిచి పిట్ట గుడ్లలా పెట్టుకునేవాడు. అనసూర్య రెండింటికీ నవ్వేది. "పెట్టుకుంటెనే వాచీ. పెట్టెల ఉన్నది పీనుగ లెక్క," అనేది. దవాఖానలో చీమూ నెత్తురూ తుడుస్తున్నా ఆ లెవార్డ్ ఆమె చేతికే ఉండేది. వాళ్లు కులం, జీతం, ఇంటి సంగతులు మాట్లాడుకునేవాళ్లు కాదు. వాచీల గురించే మాట్లాడుకునేవాళ్లు. ఆ రెండు గంటలూ కొమురెల్లి ఎంత మాట్లాడేవాడో బాయి మీద ఎవరికి చెప్పినా నమ్మేవాళ్లు కాదు.

లెవార్డ్ మారుతోందని వాళ్లకు తెలియడం చిన్నగానే మొదలైంది. బొంబాయి నుంచి వచ్చిన ఒక కొత్త వాచీని గులాం అలీ చూపించాడు. ముఖం మీద చిన్న కిటికీ, అందులో తారీఖు.

"మంచిదే గద. నాకు రోజు తారీఖు రాసుడు ఉంటది," అంది అనసూర్య.

"తారీఖు గోడకుంటది సిస్టరమ్మా. చేతికెందుకు?" అన్నాడు కొమురెల్లి. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆ తర్వాత వచ్చినవి నవ్వించలేదు. ఒకటి చదరంగా, ఇటుకంత మందంగా, ఆకుపచ్చ ముఖంతో వచ్చింది. లెవార్డ్ అన్న పేరు దాని మీద గజం దూరానికి కనిపించేంత లావున ఉంది. "ఖాందానీ మనిషి పేరు గింత మొత్తుకోడు," అన్నాడు గులాం అలీ. అయినా వాచీని బయటి అద్దాల బీరువాలో పెట్టాడు. వారం తిరక్కముందే కాంట్రాక్టరు ఒకాయన కొనుక్కుపోయాడు.

డెబ్బై అయిదులో గులాం అలీ అన్న కొడుకు దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అతని చేతికున్నదీ లెవార్డే. కానీ దానికి కీ లేదు. లోపల సెల్లు ఉంది. సెకండ్ల ముల్లు జారుతూ పోకుండా, అడుగు వేసి ఆగి, అడుగు వేసి ఆగి నడుస్తోంది. కొమురెల్లి చెవి దగ్గర పెట్టుకుని, తిరిగి బల్ల మీద పెట్టాడు.

"ఇది లెవార్డ్ కాదు అలీ సాబ్. దాని అంగి తొడుక్కున్నది."

"కంపెనీ అన్నంక బతకాలె గద భాయ్," అన్నాడు గులాం అలీ. "జపానోల్ల వాచీలొచ్చినయి. కీ ఇచ్చేటియే చేస్కుంట కూసుంటె ఆ కార్ఖానకు తాళం పడ్తది. మన బాయిల మిషన్లు రాలేదా? బొగ్గు ఎత్తనీకె తట్ట, చెమ్మసే ఉండాలె అంటె అయితదా?"

"పడనియ్యి తాళం. మంచిగ బతికిందని చెప్పుకుందుము."

"గట్ల అనకు కొమురన్నా," అంది అనసూర్య. "పోయినోల్ల మంచి చెప్పుకునుడు నాకు దవాఖానల రోజు ఉన్నదే."

ఆ ఏడు వానల్లో ఆమె తండ్రి వాచీ ఆగిపోయింది. గులాం అలీ మూత తీసి చూస్తే, లోపల ఊగే చక్రం తాలూకు ఇరుసు విరిగి ఉంది. వెంట్రుకంత సన్నని ఇరుసు. బొంబాయికి కబురు చేశాడు. పాత వాచీల సామాను చేయడం కంపెనీ బంద్ పెట్టిందని, ఉన్నవి కూడా అయిపోయాయని జవాబు వచ్చింది. తారీఖు కిటికీ వచ్చినా, ఆకుపచ్చ ముఖం వచ్చినా కొమురెల్లికి ఇంత బాధ కలగలేదు. ఆ కంపెనీ తను కన్నవాటినే తను ఎరగనంటోంది కదా అనుకున్నాడు. డ్యూటీలో గంటల నడుమ అదే ఆలోచన. చెప్పుకోవాలంటే ఆదివారం దాకా ఆగాలి.

ఆ ఆదివారం అనసూర్య చేతికి సెల్లు లెవార్డ్ ఉంది. దుబాయి పిలగాడి దగ్గర గులాం అలీ ఇప్పించాడు. ఆమె దాచలేదు, చూపించనూ లేదు. చాయ్ గ్లాసు అందుకుంటుంటే చీర చెంగు కింద కనిపించింది.

"ఇదెందుకు సిస్టరమ్మా?"

"నాడి చూడాలె గద అన్నా. వాచీ లేకుంట డ్యూటీ ఎట్ల చేస్త? ఇది తప్పు చూపియ్యది, కీ మర్శిపోతనన్న ఫికరు లేదు. నిజం చెప్తున్న, మంచిగనే ఉన్నది."

"మీ నాయిన చేతిది తీసి ఇది పెట్టుకున్నవు. మీ నాయిన ఉన్నా గిట్లనే మార్చుకుందువా?"

గులాం అలీ భూతద్దం తీసి తుడవడం మొదలుపెట్టాడు. అనసూర్య కొంచెంసేపు కొమురెల్లి వైపే చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు, అలసట ఉంది.

"మా నాయిన పక్షవాతంతోని ఆరేండ్లు మంచంల ఉన్నడు. ఎత్తి దించింది నేనే. వాచీ ఒక్కటే మా నాయిన కాదు," అంది. గ్లాసు కింద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

పై ఆదివారం కొమురెల్లి పోలేదు. ఆ తర్వాతి వారం బయలుదేరి చౌరస్తా దాకా వెళ్లి, కూరగాయలు కొనుక్కుని తిరిగొచ్చాడు. ఎవరైనా పిలుస్తారేమోనని కొన్నాళ్లు చూశాడు. ఎవరూ పిలవలేదు. వాళ్లు తనను పిలవాలని ఎందుకు అనుకుంటున్నాడో అతనికే తెలియదు. ఆదివారాలు పెట్టె తీసి వాచీలన్నింటికీ కీ ఇచ్చి, వరసగా పెట్టుకుని కూర్చునేవాడు. ఇదివరకు వాటిని చూస్తే చెప్పడానికి మాటలు పుట్టేవి. ఇప్పుడూ పుడుతున్నాయి. వినేవాళ్లు లేరు. ఒకటి రెండుసార్లు పైకే మాట్లాడి, తన గొంతుకు తనే ఉలిక్కిపడ్డాడు.

ఎండాకాలం నడుమ ఒకరోజు గులాం అలీ దుకాణం ముందు నుంచి పోతుంటే అతనే కేకేశాడు. కుశల ప్రశ్నలయ్యాక, "సిస్టరమ్మకు కొత్తగూడెం బదిలీ అయ్యింది, తెలుసా?" అన్నాడు.

"ఎప్పుడు?"

"నెల దాటింది."

"నాకు చెప్పకపోతిరి."

"చెప్తె వస్తుంటివా?"

గులాం అలీ సొరుగులోంచి పొట్లం తీసి ముందు పెట్టాడు. ఆమె తండ్రి లెవార్డ్. బాగయితే సరే, కాకుంటే నీ దగ్గరే ఉండనియ్యి అని గులాం అలీకి వదిలి వెళ్లిందట.

ఆ పొట్లంతో ఇంటికి వచ్చి కొమురెల్లి పెట్టె తెరిచాడు. ఆ మోస్తరు ఇరుసు తన వాటిల్లో ఒక్కదానికే ఉంది. బెంగాలీ బాబు వాచీకి. ఆ సంగతి అతనికి మొదటి నుంచీ తెలుసు. వానల్లో ఆమె వాచీ ఆగిన రోజునా తెలుసు. అప్పుడు నోరు విప్పలేదు. ఇంకొన్ని రోజులు కూడా విప్పలేకపోయాడు. చివరికి ఒక పొద్దున షిఫ్టు దిగి, బొగ్గు బట్టలతోనే దుకాణానికి పోయి రెండు వాచీలూ బల్ల మీద పెట్టాడు.

"ఇండ్ల నుంచి ఇరుసు తీసి అండ్ల వెయ్యి."

"ఒకటి నడిస్తె ఒకటి పోతది భాయ్. సోంచాయించుకో."

"సోంచాయించుకున్న."

గులాం అలీ మధ్యాహ్నం దాకా పనిచేశాడు. కొమురెల్లి ఎదురుగా స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఆగిన వాచీ నడిచింది. నడిచే వాచీ ఆగింది.

కొత్తగూడెం దవాఖానలో అనసూర్య అతన్ని చూసి నిజంగానే సంబరపడింది. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించింది. జుట్టు నెరిసింది, కళ్లజోడు వచ్చింది. చేతికి సెల్లు వాచీయే ఉంది. పొట్లం విప్పి తండ్రి లెవార్డ్‌ను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇరుసు ఏడ దొరికింది?"

"పనికిరాని వాచీ ఒకటుండె," అన్నాడు.

అతని దగ్గర పనికిరాని వాచీ ఏదీ లేదని ఆమెకు తెలుసు. కళ్లజోడు తీసి చెంగుతో తుడుచుకుంది. అంతలో వార్డులోంచి పిలుపు వచ్చింది. బాయిలో కప్పు కూలి ఇద్దరికి దెబ్బలు తగిలాయట. ఆమె లేస్తూ వాచీని చేతి సంచిలో వేసుకుంది.

"ఆదివారం అలీ సాబ్ కాడికి పోతున్నవా అన్నా?"

"పోతున్న," అన్నాడు కొమురెల్లి.

సాయంత్రం బండి దాకా ఆమె వస్తుందేమోనని బెంచీ మీదే కూర్చున్నాడు. వార్డు తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. తర్వాత లేచి స్టేషన్‌కు నడిచాడు.

చెప్పిన మాట నిజం చేద్దామని కొన్ని ఆదివారాలు గులాం అలీ దగ్గరికి వెళ్లాడు. వెనుక గది నిండా ఇప్పుడు దుబాయి నుంచి వచ్చిన టేపు రికార్డర్ల డబ్బాలు. వచ్చేపోయే గిరాకీతో గులాం అలీకి కూర్చునే తీరిక లేదు. కూర్చున్నా మాట లెవార్డ్ దగ్గర మొదలై జపాను వాచీల దగ్గర తేలేది. అతని తప్పేం లేదని కొమురెల్లి అనుకునేవాడు. డెబ్బై తొమ్మిదిలో గులాం అలీ దుకాణం తమ్ముడికి అప్పగించి, కూతురు దగ్గర ఉండటానికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. రామగుండం స్టేషన్‌లో ఇద్దరూ కౌగిలించుకున్నారు. ఉత్తరాలు రాసే అలవాటు ఇద్దరికీ లేదు.

ఒక ఆదివారం పక్క క్వార్టర్ లస్మవ్వ చింతపండుకు వచ్చింది. బల్ల మీద వరసగా ఉన్న వాచీలు చూసి, "ఇవేంది బిడ్డా, గిన్ని?" అని అడిగింది.

కొమురెల్లి ఆమెకు పీట వేశాడు. ఒకదాన్ని గుడ్డతో పట్టుకుని మూత తీసి, ఊగుతున్న చక్రం చూపించాడు. ఈ దేశం కాదని చెప్పాడు. ఎంత పల్చనో చూడమన్నాడు. ఇప్పుడు ఆ కంపెనీ ఇట్లాంటివి చేయడం మానేసిందని, సెల్లు వేసి లావుగా చేస్తోందని, అది మంచి పని కాదని, ఎందుకు కాదో చెప్పడం మొదలుపెట్టాడు. మాటలు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. లస్మవ్వ చింతపండు చెంగులో పట్టుకుని, తల ఊపుతూ కొంతసేపు ఓపికగా విన్నది.

"మంచిగనే ఉన్నయి కొడుకా," అంది లేస్తూ. "పొయ్యి మీద అన్నం ఉన్నది, మాడుతది. పోత."

కొమురెల్లి తలుపు దాకా వెళ్లి, ఆమె ఈ గడప దిగి, పక్క గడప ఎక్కేదాకా చూశాడు. లోపలికి వచ్చి పీట తీసి గోడకు ఆనించాడు.