సూసన్ గారి బొలెరో

కింద కొట్లో పెరుగు కొని వచ్చేసరికి తలుపు తీసి ఉంది. మా అమ్మాయి స్నిగ్ధ లేదు. దాని ఇన్‌హేలర్ మాత్రం బల్ల మీదే ఉంది. అది పట్టుకుని కిందికి పరిగెత్తాను.

"పాప బొలెరోల పోయింది మేడమ్" అన్నాడు వాచ్‌మన్ పోచన్న.

"ఎవరి బండి? ఏ రంగు?"

"బండిని నేను సూడలే. అమ్మకు చెప్పు అని ఎనకనుంచి కేకేసి ఉరికింది."

మా భీమవరంలో బొలెరో అంటే రొయ్యల చెరువుల మీద తిరిగే జీపు. అవతల కొండల మీద నల్లగా మబ్బు పట్టింది. ఒమాన్‌లోని ఈ సూర్‌లో వాన కురిస్తే ఎండిన వాగులు ఒక్కసారిగా పొంగి బండ్లను ఎత్తుకుపోతాయి. స్నిగ్ధకి ఎనిమిదేళ్ళు. ఉబ్బసం. మావారికి గ్యాస్ ప్లాంటులో డ్యూటీ, లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. ఆధారం లేనిదే ఏదీ నమ్మకూడదని కెమిస్ట్రీలో నేర్చుకున్నాను. అయినా పోలీసుల నంబరు నొక్కబోయాను.

అప్పుడు పైనుంచి టక్, టక టక్ అని చప్పుడు.

మెట్లెక్కి చూస్తే మూడో అంతస్తులో నర్సు సూసన్ గారి తలుపు బార్లా తీసి ఉంది. స్నిగ్ధ చేతులు పైకెత్తి తిరుగుతోంది. సూసన్ గారి అరచేతుల్లో చిడతల్లాంటి చిన్న చెక్కలు.

"పిల్ల బొలెరోలో పోయిందన్నాడండీ!" అని అరిచాను.

"బొలెరోకండీ బాబూ, బొలెరోలో కాదు! ఇవాళ నాకు డ్యూటీ లేదని పిలిచాను. ఈ డాన్స్ పేరే అది."

డాన్స్ నేర్పుతున్నారని తెలుసు గానీ దాని పేరు నేనెప్పుడూ అడగలేదు.

సూసన్ గారిది పాలకొల్లు. మస్కట్‌లో పనిచేసినప్పుడు స్పెయిన్ నర్సు ఒకామె ఈ మూడు లెక్కల ఆట నేర్పిందట. క్యూబాలో అదే పేరుతో నెమ్మదైన ప్రేమపాటలున్నాయని చెప్పి అవీ నేర్పింది. దూరంగా ఇబ్రి అనే ఊళ్ళో సైట్ మీదున్న భర్త మనోహరం గారికి ఈవిడ ఫోన్లో వాటిని పాడతారు. ముక్క అర్థం కాకపోయినా ఆయన "మళ్ళీ" అంటారట.

ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నా కళ్ళు స్నిగ్ధ పక్కటెముకల మీదే ఉన్నాయి. అవి ఎగిరెగిరి పడుతున్నాయి.

సూసన్ గారి నవ్వు ఆగింది. చెక్కలు పక్కన పెట్టి దాని వీపుకి చెవి ఆనించారు.

"పిల్లికూతలు లేవండీ. ఆట ఆయాసమే."

"అమ్మా, ఇంకొక్కసారి ఆడనా?"

వద్దనబోయాను. దాని ముఖం చూసి తలూపాను. ఇన్‌హేలర్ పిడికిట్లో బిగించి గుమ్మంలోనే కూలబడ్డాను. చెక్కలు మోగాయి. ఆ దెబ్బకీ ఈ దెబ్బకీ మధ్య దాని ఊపిరి వినడానికి చెవులు రిక్కించాను.