సబ్బులిచ్చి దండం పెట్టాను

ఎనభై ఎనిమిదిలో నాకు తొమ్మిదేళ్ళు. అల్లర్లతో రంగూన్‌లో బడులు మూసేశారు. అయినా దీపాల పండక్కి గురువుకి కానుక ఇవ్వాల్సిందే, అది అక్కడి ఆచారం. పజుండౌంగ్‌లో కొట్టు నడిపే మా అమ్మ, బయటి సరుకు కంటికి కనబడని ఆ రోజుల్లో దాచుకున్న రెండు థాయిలాండ్ సబ్బులు నా చేతిలో పెట్టింది.

"ఊరికే ఇచ్చీకు. మోకాళ్ళ మీద కూకొని మూడుసార్లు దండమెట్టి ఇయ్యి" అంది.

మా సయా, అంటే మాస్టారు, సర్కారుకి ఎదురుతిరిగిన ఊరేగింపుల్లో నడిచిన మనిషి. నేను వెళ్ళేసరికి వాళ్ళ వరండాలో నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎదురుగా సిపాయిలు. "మీలో మాస్టారెవరు?" అని అరుస్తున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

భయంతో నాకు అమ్మ చెప్పింది తప్ప ఇంకేమీ తోచలేదు. తిన్నగా సయా ముందుకెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని మూడుసార్లు దండం పెట్టాను.

సిపాయిలు ఇటు తిరిగారు.

సయా సబ్బులందుకుని, "బాగా చదువుకో తల్లీ, చల్లగా ఉండు" అని ఎప్పటిలాగే నిదానంగా దీవించారు. తర్వాత ఆయన్ని లారీ ఎక్కించారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

"సయా దీవించారేటే?" అనడిగింది అమ్మ.

"దీవించారు" అన్నాను. మిగతాది అమ్మ పోయేదాకా చెప్పలేకపోయాను.