సముద్రపు గాలీ, బలదియా కుండీ

ఆ రోజుల్లో నాకు ప్రభుత్వం అంటే భయం. ఇప్పుడు లేదా అంటే ఉంది గానీ, ఇప్పటిది కాస్త మర్యాదగా ఉండే భయం, అప్పటిది పెరట్లోకి పరిగెత్తించే భయం. మా ఊళ్లో మునిసిపాలిటీ మనిషి ఎవరైనా మా గుమ్మంలోకి వచ్చాడంటే పన్ను కట్టలేదనో, మా అరుగు రోడ్డు మీదికి జరిగిందనో, కుళాయి కోసేస్తామనో చెప్పడానికే. వాళ్లంతట వాళ్లు వచ్చి మీకేమైనా కావాలా అని అడిగిన పాపాన పోలేదు. ఆ మనిషి వీధి మలుపులో కనబడగానే మా నాన్న పెరట్లోకి వెళ్లిపోయేవాడు, అమ్మ గుమ్మంలో నిలబడి "ఆయన ఊళ్లో లేరండీ" అనేది. (నాన్న అప్పుడప్పుడు పెరట్లోంచి దగ్గేవాడు. అది వేరే సంగతి.) నేను ఆ ఇంట్లో పెరిగి, ఆ జ్ఞానమంతా మూట గట్టుకుని బహ్రెయిన్ వచ్చిన వాణ్ణి.

ఇక్కడ ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. పెళ్లయ్యాక మా ఆవిణ్ణి తీసుకురావాలని జింజ్ అనే పేటలో మొదటి అంతస్తులో ఒక చిన్న ఫ్లాటు తీసుకున్నాను. వీసా కాగితాలు ఆఫీసు మనిషి చేతికిచ్చి, ఆమె కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ఫ్లాటు బాగానే ఉండేది, ఒక్క పడగ్గది కిటికీ తప్ప. సరిగ్గా దాని కింద వీధి చెత్తకుండీ ఉండేది. దాని మూత ఎప్పుడో ఊడిపోయింది, ఒక చక్రం విరిగి పక్కకి ఒరిగింది, లోపల పిల్లులు కాపురం పెట్టాయి. బలదియా వాళ్ల లారీ (మునిసిపాలిటీని ఇక్కడ అందరూ బలదియా అనే అంటారు) రోజూ వచ్చి చెత్త ఎత్తుకుపోయేది గానీ, ఆ ఎండకీ ఆ ఉక్కకీ మధ్యాహ్నానికల్లా కుండీ మళ్లీ పరిమళించేది. మొదటి అంతస్తు కాబట్టి ఆ పరిమళం మెట్లెక్కే శ్రమ కూడా లేకుండా నేరుగా మా పడగ్గదిలోకి వచ్చేది.

నేనొక్కణ్ణే అయితే కిటికీ మూసుకుని ఏసీ వేసుకుని బతికేసేవాణ్ణి. చిక్కల్లా మా ఆవిడ ముక్కుతో వచ్చింది. పక్క వీధిలో పోపు మాడినా ఆమెకి తెలుస్తుంది. పెళ్లిచూపుల్లో నేను చొక్కాకి రాసుకున్న అత్తరు మా మావయ్యదని కూడా కనిపెట్టేసింది. అలాంటి మనిషి ఫోనులో "ఇల్లెలా ఉంది, గాలి వస్తుందా?" అని అడిగితే, కొత్త మొగుడి ఉత్సాహంలో "కిటికీ తీస్తే చాలు, సముద్రపు గాలి" అనేశాను. అన్న మరుక్షణం నుంచీ నాకు మనశ్శాంతి లేదు. ఆమె అన్నీ వదులుకుని విమానమెక్కి వచ్చి, మొదటి రోజు ఆ కిటికీ తీసి, నా మొహం ఎలా చూస్తుందో అని ఊహించుకుని కుమిలిపోయేవాణ్ణి.

ఆ బాధలో ఒకరోజు ఆఫీసులో టీ తాగుతూ ఎక్కడలేని ధైర్యం తెచ్చుకుని బలదియాకి ఫోన్ చేశాను. అవతల ఒకమ్మాయి ఎత్తింది. కుండీ సంగతి చెప్పాను. ఫ్లాటు నంబరు, బిల్డింగు నంబరు, రోడ్డు నంబరు, బ్లాకు నంబరు అడిగింది. (ఈ దేశంలో అడ్రసంటే ఈ నాలుగు అంకెలే. రామాలయం పక్కన, పాల డిపో ఎదురుగా లాంటివి చెల్లవు.) ఆ తర్వాత పేరడిగింది, ఫోన్ నంబరడిగింది, సీపీఆర్ (ఇక్కడి గుర్తింపు) కార్డు నంబరు కూడా అడిగింది. అడిగినవన్నీ వరసగా చెప్పాను. చివర్లో ఆ అమ్మాయి నాకు థాంక్స్ చెప్పింది. ప్రభుత్వం నాకు థాంక్స్ చెప్పినప్పుడే నేను అనుమానించి ఉండాల్సింది.

శుక్రవారం బాబాయి భోజనానికి వస్తే ఈ ఘనకార్యం చెప్పాను. బాబాయి నాకు స్వంత బాబాయి కాదు, పాలకొల్లు వైపు మనిషి. సిత్రాలో రిఫైనరీ కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మన్. నేను గల్ఫు పేరు వినకముందు నుంచే గల్ఫులో ఉన్నవాడు కాబట్టి మా వాళ్లందరికీ ఆయన మాటే వేదం. ముద్ద కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

"పేరు చెప్పేవా?"

"చెప్పాను బాబాయ్."

"కార్డు నంబరు కూడానా?"

"అడిగిందని ఇచ్చేశాను."

"అడిగితే ఇచ్చేయడవేనేవిట్రా? ఇన్నేళ్లుగా ఉంటన్నాను, నా పేరు నాకు వీసా ఇచ్చిన కఫీలుకి తప్ప ఇంకో అరబ్బోడికి తెలీదు. మనం బతకడానికొచ్చేం. వాళ్ల వీధిలో వాళ్ల కుండీ కంపు కొడతందని వాళ్లకే చెప్తావా?" అని, ఇంకో ముద్ద తిని, నెమ్మదిగా అడిగాడు. "అమ్మాయి వీసా వచ్చేసిందా, ఇంకా లోపలే ఉందా?"

లోపలే ఉందన్నాను. బాబాయి మజ్జిగ పోసుకున్నాడు. ఆ మజ్జిగ నన్ను చంపేసింది. వీసా ఇచ్చే ఆఫీసు వేరు, చెత్త ఎత్తే ఆఫీసు వేరు అని ఇప్పుడు చిన్నపిల్లాడికి కూడా చెప్పగలను. అప్పుడు మాత్రం ప్రభుత్వమంటే నా కళ్లకి ఒకే ఒక పెద్ద గది, అందులో ఒకే ఒక పెద్ద బల్ల, దాని మీద ఒక పక్క నా పెళ్లాం వీసా, రెండో పక్క నా చెత్తకుండీ కనబడ్డాయి.

మర్నాటి నుంచీ ఫోన్లు మొదలయ్యాయి. ఏదో ఆఫీసు నంబరు. మొదటిసారి మోగినప్పుడు చేతిలో కప్పు కింద పెట్టి ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను. ఆగిపోయాక ఊపిరి పీల్చుకున్నాను. సాయంత్రం మళ్లీ మోగింది, తర్వాత రోజూ మోగింది. ఫోన్ సొరుగులో పెట్టి తాళం వేస్తే సొరుగు మోగేది. నాకు ప్రేమ వ్యవహారమేదో ఉందని ఆఫీసులో చెప్పుకున్నారు, నేను కాదనలేదు. రాత్రి మా ఆవిడ ఫోన్ చేసి "మీ గొంతేంటి అలా ఉంది?" అంటే "సముద్రపు గాలి, కాస్త జలుబు చేసింది" అన్నాను. అన్నం సయించేది కాదు. నా మూలంగా ఆమె రాక ఆగిపోతే మామగారికి ఏమని చెప్పాలి? చెత్తకుండీ గురించి అని చెప్పాలా?

మా బిల్డింగు నాతూర్, అంటే కాపలా మనిషి, జగిత్యాల వైపు వాడు. అందరం నాతూర్ అన్న అనేవాళ్లం. మంచివాడు, ఆ మంచితనమే నా ప్రాణం మీదికి తెచ్చింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మెట్ల దగ్గర ఆపాడు.

"నీ కోసం బలదియా సారు వచ్చిండన్నా. టోపీ వెట్టుకున్నడు. గా డబ్బా ఫోటోలు గుంజిండు. నీ పేరు జెప్పి ఏ రూమని అడిగిండు."

"లేడని చెప్పకపోయావా?"

"ఎందుకట్ల జెప్త? మంచోడు, రోజూ ఆఫీసుకు వోతడు, ఐదింటికల్ల వస్తడని జెప్పిన. దుబాయికొచ్చినంక ఒక సర్కారు మనిషి మనోని పేరు వట్టి అడుగుడు ఇదే సూస్తున్న." (వాళ్ల వైపు గల్ఫులో ఏ దేశమైనా దుబాయే.) నాకేదో సన్మానం జరగబోతున్నట్టు చూశాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే వినకుండా మెట్లెక్కి పారిపోయాను.

ఆ తర్వాత ఐదింటికి ఇంటికి రావడం మానేశాను. ఎండ చల్లారేదాకా సూపర్‌మార్కెట్లో తిరిగి, అవసరం లేని అగ్గిపెట్టెలు కొని, వెనక వీధిలోంచి వచ్చేవాణ్ణి. కానీ ఎంతకాలం? సెలవు రోజు పొద్దున్నే పాలకని కిందికి దిగితే కుండీ పక్కన టోపీ ఆయన నిలబడి ఉన్నాడు. నాతూర్ అన్న ఎంతో ప్రేమగా నా వైపు చెయ్యి చూపించాడు. వాళ్ల వెనక ఒక లారీ ఆగి ఉంది. అది నా సామాన్ తీసుకుపోవడానికే వచ్చిందని నిజంగా అనుకున్నాను.

టోపీ ఆయన చెయ్యి కలిపి, హిందీలో (నా హిందీ కంటే ఆయన హిందీయే బాగుంది) అడిగాడు. "భాయ్, ఈ కుండీ మీద కంప్లైంటు నీదేనా? వాసన అన్నావట."

ఇంకెవరైనా అయితే అవునండీ అనేవాడు. నా లోపల్నించి మాత్రం మా అమ్మ గుమ్మంలో నిలబడి మాట్లాడినట్టుగా మాట వచ్చింది. "వాసనా? అబ్బే, ఏం లేదు సార్. అంతా బాగానే ఉంది."

ఆయన కుండీ వైపు చూసి, నా వైపు చూసి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "నీకు రావట్లేదా?"

"రావట్లేదు సార్." మాట మీద నమ్మకం కుదరలేదేమోనని దగ్గరికి వెళ్లి, ఒరిగిన కుండీ మీదికి కాస్త వంగి, గుండెల నిండా గాలి పీల్చి చూపించాను. ముందు రోజు ఎవరింట్లోనో చేపల పులుసు వండుకున్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అయినా నవ్వుతూనే నిలబడ్డాను. అప్పుడే లోపల్నించి ఒక పిల్లి చేప తల నోట కరుచుకుని మా ఇద్దరి మధ్యకి దూకింది.

"మరి ఇది?" అన్నాడాయన.

"మంచి పిల్లి సార్."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. వైద్యుడు రోగిని చూసే చూపు అది. "ముష్కిల్ లేదంటావు. సరే, ఖలాస్, ఇక అయిపోయింది," అని లారీ వైపు చెయ్యి ఊపాడు. లారీ వెనక్కి తిరిగింది. తిరిగినప్పుడు కనబడింది, దాని మీద తళతళలాడే కొత్త చెత్తకుండీ, గట్టి మూతతో, నాలుగు చక్రాలతో. నేను చెయ్యెత్తేలోపే లారీ మలుపు తిరిగిపోయింది.

నాతూర్ అన్న నా పక్కకి వచ్చాడు. "కొత్త డబ్బా కిటికిల కింద గాదు, మూలకి వెడ్తం, ఏడ వెట్టాల్నో నిన్నే అడిగి వెడ్తమన్నడు సారు. గందుకే రోజూ ఫోన్ జేసిండట. మొన్న నీకు గదే జెప్తుంటె ఉరికితివి." నా వైపు వంగి అడిగాడు. "అన్నా, నీకు నిజంగనే వాసనొస్తలేదా?"

వీసా ఆ వారంలోనే వచ్చేసింది. మా ఆవిడా వచ్చేసింది. ఎయిర్‌పోర్టు నుంచి దారంతా సంతోషం ఒక పక్కా, దిగులు ఒక పక్కా నన్ను పంచుకుని తిన్నాయి. కిటికీ దగ్గర బీరువా అడ్డం పెట్టాను గానీ, ఆమె లోపలికి రాగానే "ఇదేంటి ఇక్కడ?" అని బీరువా జరిపించి కిటికీ తెరిచింది. ఒకసారి గాలి పీల్చింది. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"ఇదేనా సముద్రపు గాలి?"

జరిగిందంతా చెప్పాను, బాబాయి మజ్జిగతో సహా. కోప్పడుతుందనుకున్నాను. మంచం మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, "నంబరివ్వండి" అంది. ఊళ్లో దిగి ఒక పూటైనా కాలేదు, ప్రయాణపు చీరైనా మార్చుకోలేదు, నేను వద్దు వద్దంటుండగానే ఫోన్ చేసి, నా పేరే, నా కార్డు నంబరే గడగడా చెప్పేసింది. అవతల వాళ్లు ఏదో అంటే ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి నాతో అంది. "ఈ పేరు మీద ఇదివరకే ఒకటుందట. నివాసి పూర్తి సంతృప్తిగా ఉన్నాడని రాసుకున్నారు." మళ్లీ ఫోనులోకి, "అది ఆయన సంగతండీ, నేను ఇవాళే వచ్చాను" అంది.

రెండు రోజుల్లో టోపీ ఆయన లారీతో సహా వచ్చాడు. మా ఆవిడ కిందికి దిగి, ఎవరి కిటికీకీ తగలకుండా మూల మీద చోటు చూపించింది. కుండీ అక్కడ పెట్టారు, పాత చోటు మందు కొట్టి కడిగారు. నేను గుమ్మంలో సగం బయటా సగం లోపలా నిలబడ్డాను. వెళ్తూ వెళ్తూ ఆయన నా భుజం తట్టి, "మీ ఇంట్లో ముక్కు మేడమ్‌కి ఉంది భాయ్" అన్నాడు. తర్వాతి శుక్రవారం బాబాయి వచ్చి, కొత్త కుండీ చూసి, "నేను చెప్పలేదూ, ఇక్కడోళ్లు పనంటే పనేరా" అన్నాడు. మా ఆవిడ ఆయనకి మజ్జిగ పొయ్యలేదు.

ఇప్పుడు ఇవన్నీ నాకు మంచినీళ్ల ప్రాయం. కరెంటు బిల్లులోనే బలదియా రుసుము కూడా కడుతున్నామని తెలుసు. పార్కులో దీపం వెలగకపోయినా, వాన పడి వీధి చెరువైతే నీళ్లు తోడే ట్యాంకరు కావాలన్నా ఎవరికి చెప్పాలో తెలుసు. మన బ్లాకుకి ఎన్నికైన కౌన్సిల్ సభ్యుడి మజ్లిస్‌కి, అంటే జనాన్ని కలిసే చావడికి, వెళ్తే ఖర్జూరం పెట్టి, కాఫీ పోసి మరీ వింటారనీ తెలుసు. బిల్డింగులో నా పేరే 'బలదియా సారు' అయిపోయింది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు మెట్ల మీద ఆపి, గొంతు తగ్గించి అడుగుతారు. "అన్నా, ఫోన్ చేస్తే పేరు చెప్పాలా? ఏం కాదు కదా?"

నవ్వొస్తుంది గానీ, వాళ్ల కళ్లల్లో ఆ బెరుకు చూస్తే నవ్వు సగంలో ఆగిపోతుంది. జింజ్ వీధిలో, విరిగిన కుండీ మీదికి వంగి, కళ్లల్లో నీళ్లతో గుండెల నిండా గాలి పీలుస్తూ, అంతా బాగానే ఉందని నవ్వుతున్న ఒక పాతికేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు. వాడి పక్కకి వెళ్లి, భుజం మీద చెయ్యేసి, "ఒరే, కంపు కొడుతోందని చెప్పరా, నువ్వు కూడా ఇక్కడ ఉంటున్నవాడివే" అని చెప్పాలనిపిస్తుంది.