ఆ ఎడమచేతి కుర్రాణ్ని ఎందుకు తీసుకున్నానంటే

మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్లే మా ఆఫీసు బస్సులో వెనక సీట్లవాళ్లమంతా క్రికెట్ జట్ల యజమానులం. ఫోన్లో ఒక ఆట. అందులో మనం బ్యాటు పట్టం, బంతి వెయ్యం. ఆటగాళ్లను కొనడం, ఎవరిని ఆడించాలో తేల్చడం, అంతే మన పని. సీజన్ చివర అట్టడుగున ఉన్నవాళ్లు లీగు వదిలి పోవాలి. ఆ చోటు కోసం ముందు సీట్లవాళ్లు కాచుకుని ఉంటారు. ఆసారి అడుగున కొట్టుకుంటున్నది నేనూ, నేను తమ్ముడూ అని పిలిచే నా పక్క సీటు అతనూ. అతనిది తెల్లాపూర్, నాది కర్నూలు.

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఏ కుర్రాడి వివరాలు తెరిచినా నాకు ముందు లోపాలే కనబడేవి. అందుకే అందర్నీ నమ్మకమైన పెద్దవాళ్లనే కొన్నాను. నా జట్టు పింఛన్ల ఆఫీసులా తయారైంది.

అప్పుడే తమ్ముడు తన ఎడమచేతి ఫాస్ట్ బౌలర్ని అమ్మకానికి పెట్టాడు. పందొమ్మిదేళ్ల పిల్లాడు. వేగం అదిరిపోయింది, నిలకడ అంకె మాత్రం ప్రమాదం అన్నట్టు ఎర్ర రంగులో ఉంది.

"తీస్కోకు అక్కా, గాడు తిక్కలోడు. వైడ్లు ఏసి ఏసి నన్ను పరేషాన్ చేసిండు," అన్నాడు, అమ్మేవాడే!

నేను ఊరుకుంటానా? పాత మ్యాచ్‌లన్నీ తెరిచాను. తప్పు ఎప్పుడొస్తోందో చూడటం నాకు అలవాటు. వైడ్లన్నీ, అతన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి మళ్లీ దింపిన మ్యాచ్‌ల్లోనే ఉన్నాయి. వరుసగా ఆడించినప్పుడు మాత్రం వికెట్లే వికెట్లు. ఓరి నాయనో! అలాంటి మ్యాచ్‌లు నాలుగే చూసి ఎగిరిపడుతున్నానేమోనని భయం వేసింది. అయినా కొనేశాను. వెనక సీట్లన్నీ పగలబడి నవ్వాయి.

మొదటి రెండు మ్యాచ్‌లు అతనే పోగొట్టాడు. వరుసగా ఆడిస్తేనే కుదురుకుంటాడని జట్టులోంచి తీయలేదు. మూడోదానికి బంతి దారిలో పడింది.

ఆఖరి మ్యాచ్ నాకూ తమ్ముడికీ. ఓడినవాళ్లు లీగు నుంచి అవుట్. చివరి ఓవర్లో తమ్ముడి జట్టుకి ఎనిమిది పరుగులు కావాలి. నా దగ్గర సీనియర్ స్పిన్నరూ ఉన్నాడు, ఈ పిల్లాడూ ఉన్నాడు. పిల్లాడి పేరే నొక్కాను. మొదటి బంతే వైడు!

"అయిపాయె!" అని బస్సంతా అరిచింది.

తర్వాత ఒక వికెట్ పడింది. ఆపైన సింగిల్స్ తప్ప ఏమీ రాలేదు. చివరి బంతికి నాలుగు కావాల్సి ఉండగా స్టంపు ఎగిరిపోయింది. నేను పెట్టిన కేకకు డ్రైవర్ బ్రేకు వేశాడు.

"ఏందమ్మా, ఏమైంది?"

"గెలిచాం అన్నా, గెలిచాం!"

తమ్ముడు కూడా చప్పట్లు కొట్టాడు. "కిరాక్ ఏసిండక్కా!" అన్నాడు. తర్వాత ఫోన్లో లీగు నుంచి తన పేరు తీసేసుకుని, నావైపు తిరిగాడు.

"ఇగ నేనైతే లేను గదా. గాని గా పిలగాని మ్యాచ్‌లు జర నాకు చూపిస్తవా అక్కా? గింత మంచిగ ఏస్తడని నాకు తెల్వకపాయె."

"చూపిస్తాలే, ఇటు జరుగు," అన్నాను. గెలిచింది నేనే అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి.