సిరా మరకలో సున్నపు గుట్ట

మా అక్క పెళ్లి సంబంధాన్ని ఒక్క సిరా మరకతో చెడగొట్టబోయిన ఘనుణ్ణి నేను. నవ్వకండి. చదువుకోనివాళ్లకు ఇలాంటి పని చేతకాదు. మైసూరులో మనస్తత్వశాస్త్రం ఆనర్సు చదువుతున్నాను కాబట్టే నాకు చేతనైంది.

పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవి అది. మా సూర్యాపేట వైపు ఎవరూ ఎవరినీ నమ్మేవారు కాదు. గడ్డం పెంచితే అడవిలోంచి వచ్చాడనేవారు, గీసుకుంటే పోలీసుల మనిషనేవారు. నేను వాళ్లందరికన్నా ఒక మెట్టు ఎక్కువ. ఆనర్సులో చేరింది మొదలు, ఎవరైనా "బాగున్నవా" అని పలకరించినా వీడి మనసులో అసలేముందా అని వెతికేవాణ్ణి.

సెలవులకు బయల్దేరుతుంటే మా ప్రొఫెసరు గారు సిరా మరకలున్న అట్టలు కొన్ని ఇచ్చి, జనానికి చూపించి ఏం కనిపిస్తోందో అడిగి రమ్మన్నారు. మరకలో ఏమీ ఉండదు. చూసేవాడి మనసులో ఉన్నదే అక్కడ కనిపిస్తుందని శాస్త్రం. సరిగ్గా అప్పుడే నాన్న ఉత్తరం రాశాడు: అక్కకు మిర్యాలగూడ సంబంధం వచ్చింది, అబ్బాయి తండ్రి పిల్లను చూడ్డానికి వస్తున్నాడు, నువ్వూ వచ్చి మర్యాదగా మసులుకో అని. మా చదువులో మర్యాద ఒక్కటే లేదు.

బెజవాడలో బస్సెక్కాను. కోదాడలో ఒక పెద్దమనిషి ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. పెద్ద తలపాగా, ఒళ్లో సంచి, వేళ్ల సందుల్లో ఏదో తెల్లటి పొడి. మాటామంతీ లేదు. అంత మౌనం చూస్తే నాకు అనుమానం రాదా మరి? అట్ట తీశాను.

"పెద్దయ్యా, ఇది జర సూడుండ్రి. ఏం కనిపిస్తున్నది?"

ఆయన అట్టను వదిలేసి నన్ను చూశాడు. "ఎందుకడుగుతున్నవ్?"

"ఊరికెనే."

"ఈ రోజులల్ల ఊరికెనే ఎవలన్న అడుగుతరా?" అని కాసేపు గొణిగి, "గుట్ట లెక్కున్నది" అన్నాడు.

"ఇంకా?"

"గుట్ట కింద బొంద. మందు పెట్టి పేల్చేటందుకు మంచి జాగ."

గొంతు తగ్గించి అడిగాను. "ఇంతకుముందు పేల్చిండ్రా పెద్దయ్యా?"

"శానసార్లు. సగం గుట్ట లేస్తది. మనుషులు ముందుగాలనే దూరం ఉరకాలె."

ముఖంలో బెదురన్నది లేదు! పక్కన కూర్చున్నది అడవి దళాలకు నాయకుడేనని తేల్చేసుకున్నాను. శాస్త్ర ప్రకారం గడియారం కూడా చూశాను.

"గడియారమెందుకు సూస్తున్నవ్?"

"మీరు జవాబు చెప్పేటందుకు ఎంతసేపు పట్టిందో అని."

ఆయన సంచిని గట్టిగా కావలించుకుని సీటు చివరికి జరిగాడు.

సూర్యాపేట పొలిమేరలో పోలీసు తనిఖీ నాకా దగ్గర బస్సు ఆగగానే నేను దూకాను. ఆ వయసులో ఆయన కూడా నా వెనకే దూకాడు.

"అమీన్ సాబ్, ఈయన గుట్టలు పేలుస్తడట!"

"సాబ్, ఈ పోరడు గుట్టల నక్షాలు పట్టుకొని తిరుగుతున్నడు!"

అమీన్ సాబు, అంటే అక్కడి ఇన్‌స్పెక్టరు, ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి అట్టను అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఏ ఊరి నక్షా?"

ఇక్కడైనా నోరు మూసుకోవాల్సింది. "నక్షా కాదు సాబ్. మీకు ఏం కనిపిస్తే మీ మనసుల అదే ఉన్నట్టు" అన్నాను.

పోలీసులంతా మూగారు. ఒకడికి తుపాకి కనిపించింది, ఇంకొకడికి గద్ద. "నాకైతే ఇద్దరు దొంగలు పక్కపక్కన కూసున్నట్టున్నది" అంటూ అమీన్ సాబు మా బెంచీ వైపు చూశాడు.

అంతలో బస్సుకు ఎదురొచ్చిన నాన్న కనిపించాడు. ప్రాణం లేచొచ్చి "నాన్నా!" అని నిలబడ్డాను. నాన్న నన్ను దాటిపోయి ఆ పెద్దమనిషికి రెండు చేతులూ జోడించాడు.

"బావగారూ! మీరు గీడ కూసున్నరేంది?"

అబ్బాయి తండ్రి ఆయనే! ఇల్లు మిర్యాలగూడలోనే అయినా ఆయనకు మఠంపల్లి దగ్గర సున్నపురాయి గని ఉందట. అక్కడ పని చూసుకుని కోదాడ మీదుగా వస్తున్నాడట. పుట్టినప్పటి నుంచి రాళ్లు పేల్చేవాడికి మరకలో గుట్ట కాక మల్లెపందిరి కనిపిస్తుందా?

"ఈ పోరడెవలు?" అని ఆయన అడిగాడు.

నాన్న చాలాసేపు ఆలోచించి, "మావోడే" అన్నాడు.

నాన్న పూచీ మీద అమీన్ సాబు ఇద్దరినీ వదిలాడు. పెద్దమనిషి ఆ అట్టను అడిగి తీసుకుని తన సంచిలో పెట్టుకున్నాడు. అక్కకు ఈ సంబంధం ఎంత ఇష్టమో ఇంట్లో అందరికీ తెలుసు. కొత్త చీర కట్టుకుని వచ్చి చాప మీద కూర్చున్న అక్కను చూసి తలుపు వెనక నాకు ఏడుపొచ్చింది.

పెద్దమనిషి సంచిలోంచి ఆ అట్టే తీశాడు. "బిడ్డా, ఒక్కటే అడుగుత. దీంట్ల నీకేం కనిపిస్తున్నది?"

అక్క అట్టను చూసింది, తర్వాత తలుపు సందులోంచి నన్ను చూసింది.

"మా తమ్ముడు సిరా ఒలకబోసిండు మామయ్యా. సిన్నప్పటి సంది గంతే. బట్టల మీదనైతే నిమ్మకాయ రుద్దితే పోతుండె."

ఆయన తలపాగా జారేదాకా నవ్వాడు. "ఈ ఇంట్ల ఒక్కలకన్న మరక మరక లెక్క కనిపిచ్చింది. పిల్ల మాకు ఖాయం!"

ఆ రోజే దేవుడి పటం ముందు ఒట్టేసుకున్నాను: గుట్టను గుట్ట అనే అంటాను, మబ్బును మబ్బు అనే అంటాను, పక్కవాడి మనసులోకి పిలవకుండా పోను. ఆనర్సు పూర్తయింది, పట్టా వచ్చింది, ఒట్టు మాత్రం తప్పలేదు. ఇప్పటికీ మిర్యాలగూడ వెళ్తే, భోజనాల దగ్గర ఆ మామయ్య తన చొక్కా మీద మరక చూపించి అందరి ముందూ అడుగుతాడు.

"అల్లుడా, ఇదేంది?"

"చారు మామయ్యా. ఒట్టు, చారే."