గుండెనొప్పి అని చెప్పిన పాపానికి

ఎవలొస్తరే అక్క ఎవలొస్తరే
చెలక గట్టున పడి ఎవలొస్తరే
సుట్టమొస్తే సుక్క పొడిచినట్టే...

ఇంకా ఉన్నది గని తర్వాతి పాదం యాదికొస్తలేదు. చిన్నప్పుడు కలుపు తీసుకుంట మా అక్క పాడేది, నేను అందుకునేదాన్ని. మొన్న సూర్యాపేట దవాఖాన్ల నేను కుర్చీల కూసుంటే, నా ముందట ఆరుగురు ఆడోళ్లు బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకొని నిలబడ్డరు చూడుండ్రి, అప్పుడు ఆ పాటే యాదికొచ్చింది. నాకేమన్న రోగమా అంటే, ఏ రోగం లేదు! మొదటి సంది చెప్త, వినుండ్రి.

స్వరూప నా బిడ్డ బిడ్డ. నేనే సాదిన. మా మోతె దిక్కు ఊర్లనే, అవతలి వాడల మల్లేశుకిచ్చినం. గొర్లు కాస్తడు. మంచోడు, మాట తక్కువ. పెండ్లయి ఐదేండ్లయింది, కడుపు పండలె. వాళ్ల అత్త అంజమ్మ ముందు మొక్కులన్నది. తర్వాత చెట్ల మందన్నది. ఈ ఎండకాలం సంది కొత్త మాట ఎత్తుకున్నది, "మునగాల కాడ రెండో పెండ్లికి ఒక పిల్ల ఉన్నదట" అని. ఆ మాట విన్నప్పటి సంది నాకు బువ్వ సయిస్తలేదు. మా అక్కను గూడ గిట్లనే పుట్టింటికి తోలిండ్రు. మా బావకు రెండో పెండ్లాంతోని గూడ పిల్లలు కాలేదు. అయినా ఆయనను ఒక్క వైద్యుని కాడికన్న ఎవ్వరూ తోలుకపోలె. అక్క మా అరుగు మీదనే ముసలిదై పోయింది.

సూర్యాపేటల పిల్లలు కానోళ్లను చూసే డాక్టరమ్మ ఉన్నదని మా ఊరి నర్సు చెప్తే, స్వరూప ఫోన్ చేసింది. "ఇద్దరూ రావాలె. ఒక్కరొస్తే చూడరు" అన్నరట.

"అమ్మమ్మా, ఆయనను నువ్వే అడుగు. నేనడిగితే గొర్లల్ల కలిసిపోతడు" అన్నది.

మంద కాడికి పోయిన. బతిమాలిన, బామాలిన. గొర్లను అదిలించుకుంట అటే పోతడు. ఇగ ఏదైతే అదాయె అని అడిగిన, "మల్లేశూ, మందల గొర్లు సూడి కట్టకపోతే ముందుగాల ఎవలను సూస్తవ్?"

"పొట్టేలును" అన్నడు టక్కున. అన్నంక నాలుక కరుసుకున్నడు. "అంటే నేను పొట్టేలునా అమ్మమ్మా?"

"నేనన్ననా? నువ్వే అన్నవ్."

రెండు రోజులు నా ముఖం చూడలే. మూడో రోజు వాకిట్ల నిలబడి, "వస్త. గని ఊర్ల ఒక్కలకు తెలిసినా అటు నుంచటే తిరిగొస్త. మా అమ్మకైతే అసలే తెల్వొద్దు" అన్నడు.

ప్లాన్ వేసినం. ఆయన గొర్ల మందుకని చెప్పి ముందుగాల బండి మీద పోవాలె. వెనుకనే నేను, స్వరూప ఆటోల. అంతే! గని ఏం లాభం? అబద్ధం చెప్పుడు నాకు రాదు. అక్షరాలే యాభై ఏండ్లు దాటినంక నేర్చుకున్న, ఇది ఎప్పుడు నేర్వాలె?

గేటు కాన్నే లచ్చమ్మ పట్టుకున్నది. మా పక్కింటామె. "ఏడికి వదినె, పొద్దుగాలనే మనుమరాలును ఎంటేసుకొని?"

మోకాళ్ల నొప్పి, దవాఖానకు పోతున్నం అందామని నోటిదాక వచ్చింది. గని లచ్చమ్మ కాడ ఒక నూనె ఉంటది. మోకాలని ఎవలన్నా ఆమె వదలది. కూసోబెట్టి సీసెడు పూసి, కాపడం పెట్టి, పగటాల దాక కదలనియ్యది. నూనె లేని రోగం ఏందా అని భయంల ఎతుకులాడిన. నోరు ఒక్కసారే అన్నది:

"గుండెల నొప్పి లచ్చమ్మా."

స్వరూప నా దిక్కు చూసింది. లచ్చమ్మ చేతిల చీపురు కింద పడ్డది.

"అయ్యో అయ్యో! సైదులూ, ఆటో తియ్యిరా!"

సైదులు మా ఊరి పిలగాడే. మంచోడు, అదే నాకొచ్చిన తిప్పలు. గుండె అనంగనే తొవ్వల చెయ్యెత్తినోళ్లను ఎవ్వరినీ ఎక్కించుకోలె. ఆటో ఎగిరినప్పుడల్లా వెనుకకు తిరిగి, "అమ్మా, పానం ఎట్లున్నది?" అంటడు. నేను చెయ్యి ఎద మీద పెట్టుకొని మూల్గుత. నిజం చెప్పాల్నంటే ఆ ఉరుకుడుకు నా గుండె నిజంగనే దడదడ కొట్టుకున్నది.

సందు మొదట్ల దింపు బిడ్డా, నడుస్తం అంటే వినలే. "నడుస్తవా? గుండెతోని?" అని, ఏ దవాఖాన అని స్వరూపను అడిగి, బోర్డన్న చూడకుంట మెట్ల దాక తెచ్చి, చెయ్యి పట్టి ఎక్కించి, దండం పెట్టి పోయిండు. పోయినోడు ఊకున్నడా? లచ్చమ్మకు ఫోన్ కొట్టిండు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

మల్లేశు కానొస్తలేడు! స్వరూప కండ్లల్ల నీళ్లు. రోడ్డుకు అవతల చాయ్ బండి కాడ తలకు తువ్వాల చుట్టుకున్న మనిషిని చూసిన. కండ్లు తప్ప ఏం కనపడ్తలేవు. పోయి చెయ్యి పట్టుకున్న. మల్లేశే!

"అమ్మమ్మా, మల్లొక రోజు వద్దాం."

"నాకు ఇంకొక గుండెనొప్పి లేదు కొడుకా. నడువు."

లోపల గోడల నిండ పసిపిల్లల బొమ్మలే. చుట్టూ జంటలు జంటలుగ కూసున్నరు, ఎవ్వరూ ఎవ్వరి దిక్కు చూస్తలేరు. గంట దాటినంక చిట్టీ రాసే పిల్ల స్వరూప పేరు పిలిచి, "భర్త ఎవరు? మీకు గూడ పరీక్ష ఉంటది, ఈడ సంతకం పెట్టుండ్రి" అన్నది. పరీక్ష అనంగనే మల్లేశు లేచిండు.

"మంచినీళ్లు తాగొస్త."

నీళ్ల క్యాను లోపల మూలకున్నది. ఆయన పోయేది బయటి తలుపు దిక్కు. స్వరూప నా కొంగు పట్టుకున్నది. నాకు మా అక్క అరుగు కండ్ల ముందట మెదిలింది. అయిపాయె, పోతున్నడు, ఇగ రాడు అనుకున్న.

అప్పుడే తలుపు తెరుసుకున్నది. ముందు లచ్చమ్మ, వెనుక ఐదుగురు. అందరి చేతులల్ల బ్రెడ్డు, బత్తాయిలు. మా ఊర్ల దవాఖానల పడ్డోళ్లను చూడ పోకపోతే యాడాది దాక మాటలుండయి మరి! ఆ ఐదుగురిల ఆఖరామె అంజమ్మ. కొడుకును చూసి, గడప మీదనే నిలబడ్డది.

"నువ్వు గొర్ల మందుకు గదా పోయినవ్?"

లచ్చమ్మ నన్ను చూసి ఎదకొట్టుకొని ఏడ్వ మొదలుపెట్టి, నడుమనే ఆగి గోడలు చూసింది.

"గుండెకు గిన్ని పసిపోరల బొమ్మలెందుకు వదినె?"

"ఇది గుండె దవాఖాన కాదమ్మా, పిల్లలు కానోళ్లది" అన్నది పక్క కుర్చీలామె.

లచ్చమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. "వదినె! నీకు గీ వయసుల ఇదేం బుద్ధి?"

హాలు హాలంత నవ్వింది. నేను గూడ నవ్వుదును గని, అంజమ్మ చూపు స్వరూప మీదికి మళ్లింది.

"దీనికేనా అత్తా గింత నాటకం? దాంట్లనే లోపమున్నదని నేను అంటలేనా? నలుగురిల నా కొడుకును..."

"అమ్మా." మల్లేశు తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నడు. ఆయన గొంతు అంత గట్టిగ నేను ఎన్నడూ వినలే. "నన్ను ఎవ్వరూ తేలె. నేనే సూపిచ్చుకోనీకి వచ్చిన. ఐదేండ్ల సంది దాన్నొక్కదాన్నే అంటున్నవ్. నన్ను ఎవలన్న సూసిండ్రా? గొర్లు కాసెటోన్ని, నాకు తెల్వదా?"

అని మర్లిపోయి, చిట్టీల పిల్ల కాడ సంతకం పెట్టిండు. నా లెక్కనే వంకరటింకర అక్షరాలు. అయినా పెట్టిండు.

అంజమ్మ గోడకు ఆనుకొని కూసున్నది. తర్వాత తెచ్చిన బత్తాయి ఒకటి ఒలిచి, సగం స్వరూప చేతిల పెట్టింది. అదే నాకు పదివేలనిపించింది. బ్రెడ్డు ఏం చెయ్యాలె మరి? హాలంత పంచినం. చిట్టీల పిల్ల గూడ రెండు ముక్కలు తిన్నది.

డాక్టరమ్మ ఇద్దరినీ కూసోబెట్టుకొని మాట్లాడింది. రక్తం తీసుకున్నరు. ఇప్పుడే ఏం చెప్పలేం, వచ్చే నెల మళ్ల ఇద్దరూ రావాలె అన్నది. భయం పోయిందా అంటే, పోలేదు. నెల రోజుల దాక ఉంటది.

బయటికొచ్చినంక మల్లేశు బండి ఎక్కి, స్వరూపను వెనుక కూసోబెట్టుకున్నడు. ఊరోళ్లందరి ముందటనే. నేను లచ్చమ్మోళ్లతోని ఆటో ఎక్కుతుంటే, బండి నా పక్కకు తెచ్చి మెల్లగ అన్నడు:

"అమ్మమ్మా, వచ్చే నెల నువ్వు గూడ రా. గని ఈసారి మోకాళ్లనే చెప్పు. సీసెడు నూనెతోని పోతది."